లైనక్స్‌లో నెట్‌వర్క్ షేర్ మౌంట్ అవ్వట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు పీజీల్లోనో ఫ్లాట్లలోనో ఉండే మన తెలుగువాళ్ళలో చాలామంది దగ్గర ఒక విండోస్ లాప్‌టాప్, ఒక లైనక్స్ లాప్‌టాప్ ఉంటాయి. నలుగురు కలిసి కొన్న న్యాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె) కూడా ఒక్కోసారి ఉంటుంది. వాటి మధ్య ఫోల్డర్ షేర్ చేసుకుని, దాన్ని మన మెషిన్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లా తగిలించుకునేటప్పుడు (దాన్నే మౌంట్ అంటారు) నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కమాండ్లు, ఆప్షన్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఎర్రర్ రాగానే మొదట ఏం చూడాలి?

బ్రాకెట్లో ఉన్న నంబరు చూడండి. పక్కనున్న వాక్యాన్ని అంతగా నమ్మొద్దు. "హోస్ట్ ఈజ్ డౌన్" అన్నప్పుడు అవతలి మెషిన్ శుభ్రంగా పనిచేస్తూ ఉండొచ్చు. "పర్మిషన్ డినైడ్" అన్నప్పుడు పాస్‌వర్డ్ సరైనదే అయి ఉండొచ్చు.

తర్వాత కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) ఏమంటుందో చూడాలి. సుడోతో (అంటే అడ్మిన్ హక్కులతో) డీమెసేజ్ కమాండ్ ఇచ్చి చివరి పది లైన్లు చదవండి (డి, ఎం, ఈ, ఎస్, జీ అని టైప్ చేయాలి). మౌంట్ కమాండ్ 13 అని ఊరుకుంటే, ఇక్కడ "స్టేటస్ లాగాన్ ఫెయిల్యూర్" అనో "స్టేటస్ అకౌంట్ లాక్డ్ అవుట్" అనో అసలు సంగతి కనిపిస్తుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. ఇది చూడకుండా ఇంటర్నెట్లో దొరికిన పది ఆప్షన్లు ఒకేసారి అతికిస్తే, పని జరిగినా దేనివల్ల జరిగిందో తెలియదు.

"రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్" అంటోంది. డిస్క్ పాడైందా?

లేదు, టెన్షన్ వద్దు. విండోస్ షేర్ మౌంట్ చేయడానికి కావాల్సిన సహాయక ప్రోగ్రాం మీ మెషిన్‌లో లేదంతే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా ఏదైనా సిఫ్స్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకోండి. లైనక్స్ మెషిన్ల మధ్య ఎక్కువగా వాడే ఎన్ఎఫ్ఎస్ షేర్ల కోసమైతే ఉబుంటు, డెబియన్‌లలో ఎన్ఎఫ్ఎస్-కామన్, ఫెడోరాలో ఎన్ఎఫ్ఎస్-యుటిల్స్.

ప్యాకేజీ ఉన్నా "సిఫ్స్ ఫైల్‌సిస్టమ్ నాట్ సపోర్టెడ్" అనో, ఎర్రర్ 19 అనో వస్తే, ఈమధ్య కెర్నెల్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయలేదేమో చూసుకోండి. పాత కెర్నెల్ నడుస్తూ దాని మాడ్యూళ్ళు డిస్క్ మీద నుంచి పోయి ఉంటాయి. ఆర్చ్ లైనక్స్ వాడేవాళ్ళకి ఇది బాగా అలవాటైన గొడవ. రీస్టార్ట్ చేస్తే సరి.

ఎర్రర్ 112, "హోస్ట్ ఈజ్ డౌన్". కానీ పింగ్ వెళ్తోందే?

పింగ్ వెళ్తూ 112 వస్తే తొంభై శాతం ఎస్ఎంబీ (విండోస్ షేర్లు మాట్లాడే ప్రోటోకాల్) వెర్షన్ గొడవే అనుకోండి. రెండువైపులా ఒకే వెర్షన్ మాట్లాడటం లేదు. అవతలివాడు కనెక్షన్ తెంచేస్తే కెర్నెల్ దాన్ని "హోస్ట్ డౌన్" కింద జమకడుతుంది.

2017 మే నెలలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఎస్ఎంబీ 1 లోని లోపం పట్టుకుని ప్రపంచమంతా పాకింది. ఆ పాత వెర్షన్‌ని పక్కన పెట్టే పని అంతకుముందే మొదలైనా, ఆ దెబ్బతో ఊపందుకుంది. అదే ఏడాది వచ్చిన లైనక్స్ కెర్నెల్ 4.13 నుంచి మౌంట్ చేసేటప్పుడు డిఫాల్ట్ ఎస్ఎంబీ 1 కాదు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 లో ఎస్ఎంబీ 1 మామూలుగా ఇన్‌స్టాల్ అవ్వదు. లైనక్స్‌లో ఎస్ఎంబీ షేర్లు నడిపే సాంబా కూడా 2019 లో వచ్చిన 4.11 వెర్షన్‌లో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది.

కాబట్టి 112 కి రెండు దారులు. ఒకటి, ఎప్పుడో 2015 లో ఎవరో రాసిన కమాండ్ కాపీ కొట్టి అందులో వెర్స్=1.0 అని ఉంచేశారు, అవతల కొత్త విండోస్ ఉంది. ఆ ఆప్షన్ తీసేయండి, కెర్నెల్ తనే మంచి వెర్షన్ మాట్లాడుకుంటుంది. రెండు, మీ లైనక్స్ కొత్తది, అవతల ఆఫీసు మూలన దుమ్ము పట్టిన పాత న్యాసో, స్కాన్ చేసి ఫోల్డర్లో పడేసే పాత ప్రింటరో ఉంది. దానికి ఎస్ఎంబీ 1 తప్ప రాదు. ఇలాంటప్పుడు 112 బదులు 95, "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్" కూడా రావచ్చు. ముందు ఆ బాక్స్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో, సెట్టింగుల్లో "మ్యాగ్జిమమ్ ప్రోటోకాల్" అన్నది ఎస్ఎంబీ 2 కో 3 కో మార్చే వీలుందేమో చూడండి. చాలా న్యాస్‌లలో ఉంటుంది, ఎవరూ తెరిచి చూడరు.

ఏదీ కుదరకపోతేనే వెర్స్=1.0. అదీ ఇంటి నెట్‌వర్క్‌లో, బయటికి తెరవకుండా. ఇంకో చిక్కు కూడా ఉంది. కెర్నెల్ 5.15 లో పాత ఎన్‌టీఎల్ఎమ్ లాగిన్ పద్ధతిని పూర్తిగా తీసేశారు. అది తప్ప వేరే రాని బాక్స్‌తో కొత్త లైనక్స్ ఏం చేసినా కలవదు. అప్పుడు గంటలకొద్దీ కుస్తీ పట్టడం కంటే, అందులోని ఫైళ్ళు పెన్‌డ్రైవ్ మీదో ఎఫ్‌టీపీ మీదో దింపుకుని ఆ బాక్స్‌కి విశ్రాంతి ఇవ్వడం మేలు.

పీజీలో ఒకే వైఫై మీద ఇద్దరం ఉన్నాం. అయినా 113, "నో రూట్ టు హోస్ట్" ఎందుకు?

బెంగళూరు పీజీల్లో నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. పీజీ వైఫైలో చాలాచోట్ల క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేసి ఉంచుతారు. అందరికీ ఇంటర్నెట్ వస్తుంది, కానీ ఒకరి లాప్‌టాప్ ఇంకొకరికి కనపడదు. భద్రతకి అది మంచిదే. వందమంది ఉండే బిల్డింగ్‌లో అది లేకపోతేనే భయపడాలి. మీ షేర్ మాత్రం పనిచేయదు.

ఇది అదేనా అని తేల్చుకోవడం తేలిక. రూటర్‌కి పింగ్ వెళ్తుంది, పక్క లాప్‌టాప్‌కి వెళ్ళదు. "ఐపీ నెయిబర్" కమాండ్ ఇస్తే ఆ అడ్రస్ ఎదురుగా "ఫెయిల్డ్" అనో "ఇన్‌కంప్లీట్" అనో ఉంటుంది, అంటే అవతలి మెషిన్ మ్యాక్ అడ్రస్ కూడా దొరకలేదు. అప్పుడు మౌంట్ కమాండ్‌లో ఎన్ని ఆప్షన్లు మార్చినా దండగ.

వార్డెన్‌ని సెట్టింగ్ మార్చమంటే మార్చడు, మార్చకూడదు కూడా. ఒక ఫోన్ హాట్‌స్పాట్‌కి ఇద్దరూ కనెక్ట్ అవ్వండి. చాలా ఫోన్లలో లాప్‌టాప్‌లు ఒకదానికొకటి కనపడతాయి, లోపలి ఫైల్ కాపీకి మొబైల్ డేటా ఖర్చవ్వదు. పెద్ద ఫైళ్ళైతే మామూలు ల్యాన్ కేబుల్ ఒకటి రెండు లాప్‌టాప్‌ల మధ్య నేరుగా గుచ్చి, ఒకదానికి 10.0.0.1, ఇంకోదానికి 10.0.0.2 అని చేత్తో ఇవ్వండి. గిగాబిట్ పోర్టులకి క్రాస్ కేబుల్ అక్కర్లేదు.

ఐసొలేషన్ లేకపోయినా 113 వస్తే అడ్రస్ మారిందేమో చూడండి. కరెంటు పోయి వచ్చాక రూటర్ కొత్త ఐపీలు పంచి ఉంటుంది, మీరు ఇంకా పాత అడ్రస్‌ని వెతుకుతుంటారు. రూటర్‌లో న్యాస్‌కి అడ్రస్ రిజర్వ్ చేసి పెడితే ఈ గోల ఉండదు.

మరి 111, 115, 110?

111, "కనెక్షన్ రిఫ్యూజ్డ్": మెషిన్ దాకా వెళ్ళారు, అక్కడ 445 పోర్టు మీద వినేవాళ్ళు లేరు. సాంబా సర్వీస్ ఆగిపోయింది. "అనేబుల్ టు ఫైండ్ సూటబుల్ అడ్రస్" అని కింద ఇంకో లైను వచ్చినా కంగారు పడొద్దు, అది పై ఎర్రర్‌కి తోక.

115, 110: జవాబే లేదు. మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లు మింగేస్తోంది. అవతల విండోస్ అయితే ఆ వైఫైని "పబ్లిక్ నెట్‌వర్క్" అని గుర్తుపెట్టుకుందేమో చూసి "ప్రైవేట్"కి మార్చండి. ఎన్‌సీ కమాండ్‌కి -జెడ్‌వీ ఆప్షన్, ఐపీ, 445 ఇస్తే పోర్టు తెరిచి ఉందో లేదో వెంటనే చెప్తుంది.

ఎర్రర్ 13, "పర్మిషన్ డినైడ్". పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా!

నమ్ముతాను. 13 వెనక చాలా కారణాలు దాక్కుంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది విండోస్ పిన్. రోజూ నాలుగంకెల పిన్‌తోనో వేలిముద్రతోనో లాగిన్ అయి, అదే పాస్‌వర్డ్ అనుకుంటారు. పిన్ ఆ ఒక్క మెషిన్ ముందు కూర్చున్నవాడికే. నెట్‌వర్క్ మీద నుంచి అకౌంట్ అసలు పాస్‌వర్డే ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్ళు అది ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. షేరింగ్ కోసమని విండోస్‌లో వేరే లోకల్ యూజర్‌ని సృష్టించి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఫోల్డర్ పర్మిషన్ ఇస్తే తలనొప్పి పోతుంది. పాస్‌వర్డ్ ఖాళీగా మాత్రం వదలొద్దు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న లోకల్ అకౌంట్‌ని విండోస్ డిఫాల్ట్‌గా నెట్‌వర్క్ నుంచి రానివ్వదు.

పాస్‌వర్డ్‌లో కామా ఉంటే, మౌంట్ కమాండ్ ఆప్షన్లని కామాతోనే విడదీస్తుంది కాబట్టి సగం పాస్‌వర్డే వెళ్తుంది. డాలర్, ఆశ్చర్యార్థకం లాంటివి ఉంటే షెల్ మధ్యలో దూరుతుంది. అందుకే క్రెడెన్షియల్స్ ఫైల్ వాడండి. ఒక లైనులో యూజర్‌నేమ్=, ఇంకో లైనులో పాస్‌వర్డ్=, ఆఫీసు నెట్‌వర్క్ అయితే మూడో లైనులో డొమైన్=. మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా ఆ ఫైల్‌కి సీహెచ్‌మాడ్ 600 ఇవ్వండి. ఆ ఫైల్‌ని విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చారా? అయితే ప్రతి లైను చివర కంటికి కనపడని ఒక క్యారేజ్ రిటర్న్ ఉండొచ్చు. అది పాస్‌వర్డ్‌లో భాగమైపోతుంది. ఎంతసేపు తేరిపారి చూసినా పాస్‌వర్డ్ సరిగ్గానే కనిపిస్తుంది, లాగిన్ మాత్రం అవ్వదు. క్యాట్ కమాండ్‌కి పెద్ద ఏ ఆప్షన్ ఇచ్చి చూస్తే లైను చివర టోపీ గుర్తు, పెద్ద ఎం కనిపిస్తాయి. డాస్2యూనిక్స్ నడిపితే పోతుంది.

ఆఫీసు షేర్ అయితే డొమైన్ పేరు ఇవ్వకపోవడం మామూలు పొరపాటు. యూజర్‌నేమ్‌లోనే డొమైన్, బ్యాక్‌స్లాష్, పేరు అని రాస్తే ఆ బ్యాక్‌స్లాష్‌ని షెల్ మింగేస్తుంది. డొమైన్‌ని విడిగా ఇవ్వండి. వరసగా తప్పు ప్రయత్నాలు చేస్తే అకౌంట్ లాక్ అవుతుంది, ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్‌కీ 13 వస్తుంది. పాస్‌వర్డ్ గడువు తీరితే సాధారణంగా 127, "కీ హ్యాజ్ ఎక్స్‌పైర్డ్" వస్తుంది. విండోస్‌లో ఒకసారి లాగిన్ అయి కొత్తది పెట్టుకుని రండి. 126 వచ్చిందంటే కెర్బెరాస్ టికెట్ (ఆఫీసు లాగిన్ సర్వర్ ఇచ్చే అనుమతి చీటీ) లేదన్నమాట. కేఇనిట్ కమాండ్‌తో తెచ్చుకోండి.

"గెస్ట్"గా మొన్నటిదాకా వచ్చేది, ఇప్పుడు రావట్లేదు?

అవతల విండోస్ 11 ని 24హెచ్2 కి అప్‌డేట్ చేశారేమో కనుక్కోండి. ప్రో, ఎంటర్‌ప్రైజ్‌లలో ఎస్ఎంబీ సైనింగ్ (ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం) తప్పనిసరి అయింది. గెస్ట్ కనెక్షన్‌కి సంతకం పెట్టే తాళం ఉండదు. దాన్ని ఆపేసే సెట్టింగులు వెతకొద్దు, పైన చెప్పినట్టు లోకల్ యూజర్ పెట్టుకోండి.

ఎర్రర్ 2, "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". ఫోల్డర్ కళ్ళ ముందే ఉంది కదా?

ఏ ఫోల్డర్ అన్నది ప్రశ్న. "కుడ్‌న్ట్ సీహెచ్‌డైర్" అంటే మీవైపు మౌంట్ పాయింట్ (షేర్‌ని తగిలించే ఖాళీ ఫోల్డర్) లేదు, ఎంకేడైర్ కమాండ్‌తో సృష్టించండి. ఉత్త 2 వస్తే అవతలివైపు షేర్ పేరు తప్పు. విండోస్‌లో ఫోల్డర్ పేరు, షేర్ పేరు ఒకటే కానక్కర్లేదు. ఎస్ఎంబీక్లయింట్‌కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి సర్వర్ అడ్రస్, యూజర్ పేరు ఇస్తే షేర్ల అసలు పేర్లు వరసగా చూపిస్తుంది. ఆ పేరే వాడండి.

"కుడ్ నాట్ రిజాల్వ్ అడ్రస్" అంటోంది.

పేరు బదులు ఐపీ ఇచ్చి చూడండి. ఐపీతో పనిచేస్తే షేర్ బాగానే ఉంది, పేరు వెతికే ఏర్పాటే లేదు. ఈటీసీ కింద హోస్ట్స్ ఫైల్‌లో ఒక లైను చేర్చుకోండి, చాలు.

ఫైల్ మేనేజర్‌లో తెరుచుకుంటోంది, టెర్మినల్‌లో మౌంట్ అవ్వట్లేదు. ఎలా?

రెండూ వేరు వేరు దారులు. గ్నోమ్ ఫైల్స్ లాంటివి కెర్నెల్ జోలికి పోకుండా సాంబా లైబ్రరీతో సొంతంగా మాట్లాడుకుంటాయి, పాస్‌వర్డ్ కీరింగ్‌లో దాచుకుంటాయి. కాబట్టి నెట్‌వర్క్, పాస్‌వర్డ్ రెండూ బాగున్నాయని తేలిపోయింది. మిగిలింది మీ కమాండ్‌లో ఆప్షన్లే. అప్పుడప్పుడు సినిమాలు చూసుకోవడానికే అయితే ఫైల్ మేనేజర్‌తో సరిపెట్టుకోండి, మౌంట్ కమాండ్ దాకా రావక్కర్లేదు.

మౌంట్ అయింది, చదవగలుగుతున్నా, రాయలేకపోతున్నా.

సుడోతో మౌంట్ చేశారు కాబట్టి మీ లైనక్స్ లెక్కలో ఫైళ్ళన్నీ రూట్‌వి. ఐడీ కమాండ్‌తో మీ నంబరు చూసుకోండి, ఉబుంటు, ఫెడోరాల్లో మొదటి యూజర్‌కి 1000. మౌంట్ ఆప్షన్లలో యూఐడీ=1000, జీఐడీ=1000 ఇచ్చి మళ్ళీ మౌంట్ చేయండి. మౌంట్ చేశాక సీహెచ్‌మాడ్ 777 కొట్టడం వల్ల మామూలుగా ఏమీ మారదు, ఆ సలహా ఎవరిచ్చినా పట్టించుకోవద్దు.

అయినా రాయలేకపోతే అవతలివైపు చూడాలి. విండోస్‌లో షేర్ పర్మిషన్ వేరు, ఫోల్డర్ మీది ఎన్‌టీఎఫ్ఎస్ పర్మిషన్ వేరు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వదిలినా ఫ్లాట్ తలుపు తాళం వేసి ఉన్నట్టు, ఒకదాంట్లో అనుమతి ఉండి రెండోదాంట్లో లేకపోతే రాయనివ్వదు.

తెలుగు ఫైల్ పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి.

"అమ్మమ్మ ఊరు ఫొటోలు" అని పెట్టుకున్న ఫోల్డర్ వరసగా ప్రశ్నార్థకాలై కనపడితే ఐఓక్యారెక్టర్‌సెట్ ఆప్షన్ యూటీఎఫ్8 అని ఇవ్వండి. దాని పేరు ఐ, ఓ, సి, హెచ్, ఏ, ఆర్, ఎస్, ఈ, టీ అని కలిపి రాయాలి. ఫైళ్ళకి ఏమీ కాలేదు, చూపించడంలోనే తేడా. ఆ ప్రశ్నార్థకాల పేర్లతో మాత్రం ఫైళ్ళు కాపీ చేయొద్దు.

ఆ ఆప్షన్ ఇచ్చాక ఎర్రర్ 79, "కెనాట్ యాక్సెస్ ఎ నీడెడ్ షేర్డ్ లైబ్రరీ" వస్తే, లైబ్రరీల కోసం వెతకొద్దు. డీమెసేజ్‌లో "ఐఓక్యారెక్టర్‌సెట్ యూటీఎఫ్8 నాట్ ఫౌండ్" అని ఉంటుంది. కెర్నెల్‌కి ఆ అక్షరాల మాడ్యూల్ లేదు. క్లౌడ్ సర్వర్లలో వాడే ఉబుంటులో ఇది మామూలే. మీ కెర్నెల్ వెర్షన్‌కి సరిపడే లైనక్స్-మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీ వేయండి.

ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాశాక లాప్‌టాప్ బూట్ అవ్వడానికి నిమిషంన్నర పడుతోంది.

ఎఫ్ఎస్‌ట్యాబ్ అంటే బూట్‌లో ఏమేం మౌంట్ చేయాలో రాసుకునే ఫైల్. అందులోని షేర్ దొరక్క, బూట్ పనులు చూసే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూస్తోంది. కొన్నిసార్లు ఎమర్జెన్సీ మోడ్‌లోకి కూడా పడేస్తుంది. లాప్‌టాప్‌లో వైఫై పాస్‌వర్డ్ మీ కీరింగ్‌లో ఉంటే, మీరు లాగిన్ అయ్యేదాకా వైఫై రాదు. బూట్ సమయంలో షేర్ మౌంట్ అయ్యే ప్రశ్నే లేదు.

ఆప్షన్లలో నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ రెండూ చేర్చండి. అప్పుడు ఆ ఫోల్డర్‌ని మీరు తెరిచిన క్షణంలోనే మౌంట్ అవుతుంది. ఫైల్ మార్చాక సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్ మర్చిపోవద్దు. షేర్ పేరులో ఖాళీ ఉంటే, ఆ ఖాళీ బదులు \040 అని రాయాలి. కోట్స్ పెడితే ఎఫ్ఎస్‌ట్యాబ్‌కి అర్థం కాదు.

శుక్రవారం రాత్రి బస్సెక్కి ఊరెళ్ళి లాప్‌టాప్ తెరిస్తే అన్నీ బిగుసుకుపోతున్నాయి.

ఆఫీసులో మౌంట్ అయి ఉండగానే మూత మూసేశారు. ఇక్కడ కడపలోనో నంద్యాలలోనో ఆ సర్వర్ లేదు. ఎన్ఎఫ్ఎస్ అయితే డిఫాల్ట్‌గా హార్డ్ మౌంట్, సర్వర్ తిరిగొచ్చేదాకా వేచి ఉంటుంది. డిస్కుల్లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టినా ఆగిపోతుంది. -ఎల్ ఆప్షన్‌తో డీఎఫ్ కొడితే లోకల్ డిస్కులే చూపిస్తుంది. తర్వాత యూమౌంట్‌కి -ఎఫ్, లొంగకపోతే -ఎల్ ఇవ్వండి.

దీనికి విరుగుడుగా సాఫ్ట్ మౌంట్ (కాసేపు చూసి ఎర్రర్ ఇచ్చి వదిలేసేది) పెట్టమని కొందరు చెప్తారు. ఎన్ఎఫ్ఎస్‌లో అది రాసే మధ్యలో తెగితే డేటా పాడవ్వొచ్చు. చదవడానికి మాత్రమే వాడే షేర్‌కి పెట్టుకోండి, పని ఫైళ్ళకి వద్దు. పైన చెప్పిన ఆటోమౌంట్‌కి ఐడిల్-టైమౌట్ 60 సెకన్లు కలిపితే వాడనప్పుడు తనే ఊడిపోతుంది.

ఎన్ఎఫ్ఎస్‌లో "యాక్సెస్ డినైడ్ బై సర్వర్" వస్తోంది. ఇక్కడ పాస్‌వర్డే లేదు కదా?

మామూలు ఎన్ఎఫ్ఎస్ మనిషిని కాదు, మెషిన్ అడ్రస్‌ని చూస్తుంది. సర్వర్‌లో ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో మీ ఐపీ ఉందా, మార్చాక ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -ఆర్ఏ నడిపారా చూడండి. వర్చువల్ మెషిన్ లోపలి నుంచి మౌంట్ చేస్తుంటే, న్యాట్ వల్ల 1024 పైనున్న పోర్టు నుంచి వెళ్ళి తిరస్కరణకి గురవుతుంది. అక్కడ ఇన్‌సెక్యూర్ ఆప్షన్ కావాలి.

ఆ ఫైల్‌లో ఒక ఖాళీ ఎంత పని చేస్తుందో చూడండి. అడ్రస్ పక్కనే ఆనుకుని బ్రాకెట్లో ఆర్‌డబ్ల్యూ అని ఉండాలి. మధ్యలో ఒక స్పేస్ పడితే అర్థమే మారిపోతుంది. మీ అడ్రస్‌కి డిఫాల్ట్‌గా చదవడం మాత్రమే, లోకంలో మిగతా అందరికీ చదవడం రాయడం రెండూ. ఎర్రర్ ఏదీ రాదు, అదే ప్రమాదం.

నేను సృష్టించిన ఫైల్ "నోబడీ" పేరు మీద ఉంది.

రూట్‌గా సృష్టించి ఉంటారు. రూట్ స్క్వాష్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, రూట్‌ని 65534 నంబరు యూజర్‌గా మారుస్తుంది. ఉండనివ్వండి, మామూలు యూజర్‌గా పని చేసుకోండి.

"స్టేల్ ఫైల్ హ్యాండిల్"?

మీరు తెరిచి ఉంచిన ఫోల్డర్‌ని సర్వర్‌లో ఎవరో తీసేశారు లేదా డిస్క్ మార్చారు. బయటికి వచ్చి, యూమౌంట్ చేసి, మళ్ళీ మౌంట్ చేయండి.

యూమౌంట్ చేస్తే "టార్గెట్ ఈజ్ బిజీ".

ముందు మీ టెర్మినల్ ఆ ఫోల్డర్ లోపలే నిలబడి ఉందేమో చూడండి. చాలాసార్లు అదే. కాకపోతే ఫ్యూజర్ -వీఎం ఎవరు పట్టుకున్నారో చెప్తుంది.

ఊళ్ళో ఇంటి న్యాస్‌ని బెంగళూరు నుంచి మౌంట్ చేయాలి. రూటర్‌లో 445 తెరిచేయొచ్చా?

వద్దు. వాన్నాక్రై పాకింది ఆ పోర్టు మీదుగానే. చాలా ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని మధ్యలోనే ఆపేస్తాయి కూడా, మీకు 115 తప్ప ఏం కనపడదు. ఇంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకుని దాని లోపలి నుంచి మౌంట్ చేయండి. ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేకపోతే టెయిల్‌స్కేల్ లాంటిది తేలిక. నెలకోసారి నాలుగు ఫొటోలు తెచ్చుకోవడానికైతే ఆ వీపీఎన్ మీదే ఎస్ఎస్‌హెచ్‌ఎఫ్ఎస్ (ఎస్ఎస్‌హెచ్ మీదుగా ఫోల్డర్ మౌంట్ చేసేది) చాలు. దూరం నుంచి ఎస్ఎంబీ కొంచెం మెల్లగా నడుస్తుంది, వేల చిన్న ఫైళ్ళున్న ఫోల్డర్ తెరిస్తే జాబితా రావడానికే సమయం పడుతుంది. అలాంటివి ఇంటి దగ్గరే జిప్ చేయించి ఒకే ఫైల్‌గా తెచ్చుకోండి.